పాత కారు రబ్బరు: ఏది కడగాలి, దేనికి ఏం రాయాలి, ఏది మార్చేయాలి

పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో ఇంట్లో పెట్టుకున్నవాళ్లకు రబ్బరు విషయంలో సలహాలకు కొదవ ఉండదు. డోర్ బీడింగ్, అంటే తలుపు అంచున ఉండే రబ్బరు పట్టీ, గట్టిపడిందంటే ఒకరు కొబ్బరినూనె రాయమంటారు. ఇంకొకరు టైర్ పాలిష్ పూయమంటారు. వాటర్ సర్వీసింగ్ షెడ్డులో అడిగితే డీజిల్ గుడ్డతో తుడిస్తే చాలంటారు. ముగ్గురూ అనుభవంతోనే చెబుతారు. ముగ్గురికీ ఎక్కడో ఒకచోట అది పనిచేసినట్టు కనిపించే ఉంటుంది. అదే మనం చేస్తే మాత్రం ఒక రబ్బరు మెత్తబడుతుంది, ఇంకొకటి ఉబ్బి గాడిలోంచి బయటికి వస్తుంది, మరొకటి ఎండాకాలం దాటేసరికి చిట్లిపోతుంది.

ఈ గందరగోళానికి మూలం ఒకటే. కారులో నల్లగా ఉండి, నొక్కితే అణిగే ప్రతిదాన్నీ మనం రబ్బరు అనేస్తాం. నిజానికి అవి నాలుగైదు వేర్వేరు పదార్థాలు. ఒకదానికి పడేది ఇంకొకదానికి పడదు. చేతిలో ఉన్న ముక్క ఏ రకందో, అది దేన్ని తాకుతూ ఉంటుందో, దాని మీద ఎంత బరువు పడుతోందో చూడకుండా ఏదో ఒకటి పూసేయడం వల్లే బతకాల్సిన రబ్బరు చచ్చిపోతోంది.

మన దగ్గర దీనికి ప్రత్యేకమైన తొందర కూడా ఉంది. బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ఆధారంగా 1957లో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మే నెలలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ఏళ్ల ముందే ఆగింది. రేకు తుప్పు పడితే కోసి, అతికి, సుత్తితో సరిచేసి పెయింటు వేసే పనివాళ్లు విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా దొరుకుతారు. రబ్బరును మాత్రం ఏ సుత్తీ సరిచేయదు. పైగా రేకు తుప్పుకు మొదటి కారణం చాలాసార్లు రబ్బరే. ముందు అద్దం బీడింగ్ కుంచించుకుపోతే వాన నీళ్లు డ్యాష్‌బోర్డు వెనక నుంచి జారి ఫ్లోర్ మ్యాట్ కింద చేరతాయి. మ్యాట్ పైన పొడిగానే ఉంటుంది, కింద రేకు తినేస్తూ ఉంటుంది. రబ్బరు చూసుకోవడమంటే బండి బాడీని చూసుకోవడమే.

ముసలితనం రెండు రకాలు

చెట్టు పాల నుంచి వచ్చే పచ్చి రబ్బరు వేడికి జిగురవుతుంది, చలికి బిగుసుకుంటుంది. దాన్ని పనికొచ్చే వస్తువుగా మార్చింది 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన పద్ధతి. రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే, లోపల పొడవాటి అణుగొలుసుల మధ్య గంధకం వంతెనలు కడుతుంది. లాగితే సాగి, వదిలితే మళ్లీ యథాస్థితికి రావడం ఆ వంతెనల చలవే. దీన్నే వల్కనైజేషన్ అంటారు.

వయసు మీదపడ్డప్పుడు ఈ అల్లిక రెండు దారుల్లో పాడవుతుంది. గాలిలోని ఆక్సిజన్, వేడి కలిసి కొత్త వంతెనలు పుట్టించుకుంటూ పోతే రబ్బరు బిగుసుకుపోయి పెళుసవుతుంది. అలాకాకుండా గొలుసులే తెగిపోతే మెత్తబడి, వేలికి తారులా అంటుకుంటుంది. సహజ రబ్బరు ఎక్కువగా రెండో దారి పడుతుంది. టైర్లలో, చౌక బీడింగుల్లో వాడే స్టైరీన్ బ్యూటడైన్ రబ్బరు, పెట్రోల్ పైపుల్లో వాడే నైట్రైల్ రబ్బరు మొదటి దారి పడతాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతి, ఈ రెండూ వెనక్కి తిరిగే మార్పులు కావు. ఎక్కువైన వంతెనలను ఏ నూనే విడదీయలేదు, తెగిన గొలుసును ఏ పాలిషూ అతికించలేదు. సీసా మీద 'రబ్బరుకు పునర్జన్మ' అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా లోపల జరిగేది కొంతసేపటి ఉబ్బు మాత్రమే. సంరక్షణ అనే మాటకు అర్థం ఉన్నది రబ్బరు ఇంకా బతికి ఉన్నప్పుడే. నొక్కి చూడండి. గోటితో నొక్కిన గుంట వెంటనే పైకి లేస్తే అది బతికున్న రబ్బరు. గుంట అలాగే ఉండిపోతే, లేదా నొక్కుడే పడకపోతే, దానికి ఖర్చుపెట్టే పాలిష్ డబ్బుల్ని కొత్తదానికి దాచుకోవడం మేలు.

పగులు చూసి కారణం చెప్పొచ్చు

రబ్బరు పాడైతే అందరం ఎండను తిడతాం. ఎండ దోషి నిజమే గానీ ఒక్కటే కాదు. ఎండ తెచ్చే ఓజోన్ దానికన్నా మొండి శత్రువు. వాహనాల పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధనపు ఆవిర్లు ఎండలో చర్య జరిపితే నేలమట్టంలో ఓజోన్ పుడుతుంది. గాలిలో అది వందకోట్ల భాగాల్లో కొన్ని పదుల భాగాలే ఉంటుంది. సహజ రబ్బరు గొలుసుల్లోని జంట బంధాలను కోసేయడానికి అది చాలు. ఇంకో విచిత్రం, పొగ ఎక్కువగా ఉండే నగరం నడిబొడ్డు కన్నా గాలివాటున ఉండే శివార్లలో ఓజోన్ ఎక్కువ ఉండొచ్చు. రద్దీ రోడ్డు మీద అప్పుడే వచ్చిన పొగ ఓజోన్‌ను ఖర్చుచేసేస్తుంది, శివార్లలో ఆ ఖర్చు ఉండదు. 'మా ఇల్లు ఊరి బయట, గాలి శుభ్రం' అనే భరోసా రబ్బరుకు వర్తించదు.

ఓజోన్ పగుళ్లకు ఒక గుర్తు ఉంది. రబ్బరు కాస్తయినా సాగి ఉన్నచోటే అవి వస్తాయి, సాగిన దిశకు అడ్డంగా వస్తాయి. ఒక హోస్ పైపును తీసుకుని వంపు బయటివైపు చూడండి. అక్కడ వరసగా, సమాంతరంగా సన్నటి గాట్లు ఉంటాయి. వంపు లోపలివైపు అదే పైపు నున్నగా ఉంటుంది. ఒకే పైపు, ఒకే వయసు, ఒకే వేడి. తేడా అంతా లాగుడులోనే. అదే ఎండ దెబ్బ అయితే గాట్లకు దిశ ఉండదు. ఎండిన చెరువు అడుగులా అడ్డదిడ్డంగా, పైపైన నెర్రెలు పడతాయి. మొదటి రకం లోతుకు దిగుతుంది కాబట్టి ప్రమాదం. రెండో రకం చాలావరకు చర్మం మీదే ఉంటుంది.

రబ్బరు తయారీదారులు ఈ శత్రువులకు సిద్ధమయ్యే వస్తారు. నల్ల రంగు అందానికి కాదు. కార్బన్ బ్లాక్ అనే మసి అతినీలలోహిత కిరణాలను తాను మింగి రబ్బరును కాపాడుతుంది, బలాన్నీ ఇస్తుంది. అది కలపని రోజుల్లో టైర్లు తెల్లగా, బూడిదరంగులో ఉండేవి. ఓజోన్ కోసం మైనం, ఓజోన్‌ను అడ్డుకునే రసాయనాలు కలుపుతారు. ఇవి లోపలి నుంచి మెల్లగా పైకి ఊరుతూ ఉపరితలం మీద పల్చటి పొర కడతాయి. టైరు పక్కగోడ మీద కనిపించే గోధుమ రంగు చాలాసార్లు బురద కాదు, ఆ రక్షక రసాయనమే. ప్రతి వారం గట్టి కెమికల్‌తో దాన్ని తోమేసి నల్లగా మెరిపించేవాళ్లు కవచాన్ని ఒలిచేస్తున్నారన్నమాట.

ఆ మైనం పైకి రావాలంటే రబ్బరు కదలాలి, వంగాలి. అందుకే షెడ్డులో కదలకుండా నిలబెట్టిన బండి టైర్లు, రోజూ తిరిగే బండి టైర్లకన్నా ముందు పగులుతాయి. బండిని వాడకుండా కాపాడుతున్నామనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని సంగతే గానీ, పదిహేను రోజులకోసారి ఇంజన్ బాగా వేడెక్కేదాకా తిప్పుకు రావడం కన్నా మంచి రబ్బరు మందు లేదు.

ఇక వేడి. రసాయన చర్యల వేగం ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుందని ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు లెక్క. వేసవిలో రెంటచింతలలోనో రామగుండంలోనో నీడలో 45 డిగ్రీలు దాటినరోజు, ఎండలో ఆపిన నల్లటి బీడింగ్ మీద చెయ్యి పెట్టలేం. ఇంగ్లండ్ వాతావరణాన్ని ఉద్దేశించి 'సంవత్సరానికి రెండుసార్లు చూసుకోండి' అని రాసిన పాత మాన్యువల్ సూచనలు ఇక్కడ సరిపోవు. ఎండ ముదరకముందు ఒకసారి, వానలు పడబోయే ముందు ఇంకోసారి, దసరాకి మరోసారి చూసుకోవాలి.

డీజిల్ ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తుంది

మొదట్లో చెప్పిన చిక్కుముడి ఇక్కడ విప్పుకోవచ్చు. మాటలకన్నా ఒక చిన్న పరీక్ష బాగా చెబుతుంది. పారేసే సామానులోంచి మూడు ముక్కలు తీసుకోండి: విరిగిపోయిన ఇంజన్ మౌంటింగ్ (ఇంజన్‌ను మోసే రబ్బరు దిమ్మ) నుంచి ఒకటి, పాత పెట్రోల్ పైపు నుంచి ఒకటి, కొత్త రకం రేడియేటర్ హోస్ నుంచి ఒకటి. గోరంత మందంలో చతురస్రాలుగా కోసి, తెల్ల కాగితం మీద పెట్టి చుట్టూ పెన్నుతో గీత గీయండి. మూత బిగించే గాజు సీసాలో కాస్త పెట్రోల్ పోసి వాటిని రాత్రంతా ఉంచండి. పొయ్యికి, స్విచ్ బోర్డుకు దూరంగా, బయటి వరండాలో పెట్టాలి.

తెల్లారి తీసి మళ్లీ అదే గీత మీద పెడితే కథంతా కనిపిస్తుంది. మౌంటింగ్ ముక్క, అంటే సహజ రబ్బరు, గీత దాటి అన్ని వైపులా ఉబ్బిపోయి ఉంటుంది. నల్లగా నిగనిగలాడుతుంది, పట్టుకుంటే మెత్తగా, కొత్తదానిలా ఉంటుంది. అయితే కాస్త గట్టిగా లాగితే తెగిపోతుంది. రేడియేటర్ హోస్ ముక్క ఇపీడీఎం అనే కృత్రిమ రబ్బరుదైతే అదీ బాగా ఉబ్బుతుంది. పెట్రోల్ పైపు ముక్క నైట్రైల్ కాబట్టి వాటికన్నా చాలా తక్కువ ఉబ్బుతుంది. ఇప్పుడు మూడింటినీ కొన్ని రోజులు గాలికి వదిలేయండి. ఉబ్బిన ముక్కలు కుంచించుకుంటాయి. చాలాసార్లు గీతకన్నా చిన్నవైపోయి, ముందుకన్నా బిరుసుగా తయారవుతాయి. లోపలికి దూరిన పెట్రోల్ ఊరికే బయటికి రాలేదు, రబ్బరును మెత్తగా ఉంచడానికి ఫ్యాక్టరీలో కలిపిన నూనెల్నీ తనతో పట్టుకుపోయింది.

డీజిల్, కిరోసిన్ గుడ్డతో తుడిస్తే మెత్తబడి నల్లగా మెరవడం, కొన్ని నెలలకు అదే బీడింగ్ పొట్టిదైపోయి మూలల్లో ఖాళీలు పడటం, రెండూ ఒకే పని ఫలితాలు. మెరుపును మనం గమనిస్తాం, కుంచించుకోవడాన్ని ఎండ ఖాతాలో రాసేస్తాం. వాటర్ సర్వీసింగ్ అయ్యాక అడుగున స్ప్రే చేసే డీజిల్, పాడైన ఇంజన్ ఆయిల్ సంగతీ ఇంతే. కమాన్ పట్టీలకు తుప్పు రాకుండా ఉంటుందేమో గానీ, ఆ పట్టీల చివర్లలో ఉండే బుష్‌లు, సైలెన్సర్ వేలాడే రబ్బర్లు, ఇంజన్ మౌంటింగులు ఆ తడిని తాగి ఉబ్బి మెత్తబడతాయి. కొన్నాళ్లకు గేర్ మార్చినప్పుడల్లా ఇంజన్ ఊగుతుంది. అడుగున ఆయిల్ స్ప్రే వద్దని ముందే చెప్పడం మనం అసలేమీ ఖర్చు లేకుండా చేయగలిగిన పెద్ద పని. తుప్పు భయం ఉంటే రబ్బర్లను తప్పించి, రేకుకూ ఇనుముకూ మాత్రమే బ్రష్‌తో పూయించుకోవాలి.

పెట్రోలియం జెల్లీ, మామూలు గ్రీజు, డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రేలు కూడా పెట్రోలియం సంతతే. సహజ రబ్బరుకు, ఇపీడీఎంకు వాటిని దూరంగా ఉంచాలి. కొబ్బరినూనె పెట్రోలియం కాదు, ఆవిరైపోదు. అలాగని సురక్షితమూ కాదు. నెమ్మదిగా లోపలికి దిగి సహజ రబ్బరును బలహీనపరుస్తుంది, పైన మిగిలింది దుమ్ము పట్టి ముద్దవుతుంది.

కడగడం

రబ్బరుకు జరిగే మేలులో సగానికి పైగా శుభ్రం చేయడంలోనే ఉందని నా గట్టి నమ్మకం. బీడింగ్ గాడిలో చేరిన ఇసుక, తలుపు వేసిన ప్రతిసారీ గరుకు కాగితంలా రుద్దుతుంది. దాని మీద పాలిష్ పూస్తే ఇసుకను అక్కడే అతికించినట్టు.

గోరువెచ్చని నీళ్లు, కాస్త కారు షాంపూ, మెత్తటి బ్రష్, గాడుల కోసం పాత టూత్‌బ్రష్. అంతే సామాను. బట్టల సబ్బు, ఇంజన్ కడిగే డీగ్రీజర్, యాసిడ్, థిన్నర్ ఏవీ వద్దు. బ్రష్ చేశాక మంచినీళ్లతో కడిగి, గుడ్డతో అద్ది, తలుపులు తెరిచిపెట్టి నీడలో ఆరనివ్వాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీరపు ఊళ్లలో గాడుల్లో ఉప్పు చేరుతుంది. అది రబ్బరుకన్నా దాని వెనక ఉన్న రేకును తింటుంది కాబట్టి అక్కడివాళ్లు మంచినీళ్ల దగ్గర పొదుపు చేయకూడదు. ప్రెషర్ వాషర్‌ను పాత అద్దం బీడింగ్ అంచు మీదకు తిప్పనివ్వొద్దు. గట్టిపడ్డ పెదవి ఆ ఒత్తిడికి లేచి, మళ్లీ కూర్చోదు.

తడిగుడ్డతో తుడిస్తే నల్లగా వస్తోందా? అది ఆక్సీకరణ చెంది చచ్చిపోయిన పైపొర. సబ్బునీళ్లతో రెండు మూడు విడతలుగా, గుడ్డ మీద నలుపు బాగా తగ్గేదాకా తీసేయొచ్చు. పూర్తిగా తెల్లగుడ్డ వచ్చేదాకా పంతానికి పోవద్దు, మంచి రబ్బరు అరిగిపోతుంది. తెల్లటి పొడిలా కనిపిస్తే తొందరపడకండి. అది పైకి ఊరిన మైనమో గంధకమో అయి ఉండొచ్చు. వేలితో రుద్దితే మైనం కాస్త జారుడుగా తగులుతుంది. కనిపించే చోట ఉంటే తుడవండి, కనిపించని చోట ఉంటే దాని పని దాన్ని చేయనివ్వండి.

తారులా అంటుకునే స్థితికి వచ్చిన రబ్బరును కడగడానికి ప్రయత్నించి లాభం లేదు. మీద టాల్కం పౌడర్ చల్లితే పెయింటుకు అంటుకోకుండా కొన్నాళ్లు ఆగుతుంది, ఈలోగా కొత్తది వెతుక్కోవచ్చు.

అద్దాలు దిగే చానల్ గాడుల్లోకి నూనె పోయడం మాత్రం పెద్ద తప్పు. లోపల ఉన్న ఫెల్ట్, అంటే ఉన్నిలాంటి మందపాటి గుడ్డ, నూనె పీల్చి, దుమ్ముతో గట్టిపడి అద్దం మీద గీతలు పెడుతుంది. దుమ్ము ఊది, పొడిగా ఉండే సిలికాన్ స్ప్రే కొద్దిగా కొడితే చాలు.

రాయాల్సినవి, రాయకూడనివి

బీడింగులకు, గ్రోమెట్లకు (రేకు రంధ్రాల్లో వైర్లు దూరే చోట బిగించే రబ్బరు రింగులు) నీళ్ల ఆధారంగా తయారైన డ్రెస్సింగ్, అంటే రబ్బరు మీద రాసే రక్షణ పూత, సరైన ఎంపిక. పల్చగా, తెల్ల పాలలా ఉంటుంది, అతినీలలోహిత కిరణాల నుంచి రక్షణ ఉందని డబ్బా మీద రాసి ఉంటుంది. గుడ్డకు రాసి, రబ్బరుకు పట్టించి, పావుగంటయ్యాక మిగిలింది తుడిచేయాలి. తుడిచాక రబ్బరు మెరవకుండా మామూలు నలుపులో ఉంటే అదే సరైన పూత. అద్దంలా మెరిసే టైర్ పాలిష్‌లలో చాలావాటిలో సిలికాన్ నూనెను పెట్రోలియం ద్రావకంలో కలిపి ఉంటారు. సిలికాన్‌తో రబ్బరుకు పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బంది దాన్ని మోసుకొచ్చిన ద్రావకంతో.

సిలికాన్‌కు ఇంకో చిక్కు ఉంది. బండికి త్వరలో పెయింటు వేయించాలనుకుంటే ఎక్కడా సిలికాన్ వాడొద్దు. రేకు మీద కంటికి కనిపించనంత మిగిలినా కొత్త పెయింటు అక్కడ నిలవక చేప కళ్లలా గుండ్రటి గుంటలు పడతాయి. పెడల్ రబ్బర్లకు, స్టీరింగుకు, టైరు నేలను తాకే భాగానికి ఏ డ్రెస్సింగూ రాయకూడదని వేరే చెప్పక్కర్లేదు. బ్రేక్ పెడల్ మీద కాలు జారితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

గ్లిజరిన్ సహజ రబ్బరుకు హాని చేయదు. తలుపు బీడింగ్ పెయింటుకు అతుక్కుంటుంటే పల్చగా రాయొచ్చు. అయితే గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి వానాకాలంలో జిడ్డుగా మారుతుంది. ఎండాకాలానికి అదే సరి.

గట్టిపడ్డ రబ్బరు కోసం మిథైల్ సాలిసిలేట్‌ను ఆల్కహాల్‌లో కలిపి నానబెట్టే చిట్కా ఒకటి పాత కార్ల ప్రియుల్లో ప్రచారంలో ఉంది. నొప్పులకు రాసుకునే బామ్‌లలో ఘాటైన వాసనకు కారణం అదే. నానబెడితే రబ్బరు మెత్తబడే మాట నిజం. కానీ అది కూడా ఉబ్బే, రసాయనం ఆవిరైతే రబ్బరు మళ్లీ బిగుస్తుంది. ఎక్కడా దొరకని గ్రోమెట్‌ను చిట్లకుండా తీసి బిగించుకోవడానికి ఒక్కసారి వాడొచ్చు. ఆ ద్రవం చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది, పొరపాటున కొద్దిగా మింగినా పిల్లల ప్రాణానికి ముప్పు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, పిల్లలున్న ఇంట్లో అసలు నిల్వ ఉంచొద్దు.

ఆముదం సంగతి

బ్రేకుల దగ్గర మొత్తం లెక్క మారిపోతుంది, అక్కడ మన ఆముదానికి పెద్ద చరిత్ర ఉంది. హైడ్రాలిక్ బ్రేకుల తొలి రోజుల్లో బ్రేక్ ఫ్లూయిడ్ అంటే ఆముదం, ఆల్కహాల్ మిశ్రమమే. సిలిండర్ లోపలి కప్ వాషర్లు అప్పట్లో సహజ రబ్బరువి. పెట్రోలియం నూనె పోస్తే ఉబ్బిపోతాయి, ఆముదంతో చక్కగా ఉంటాయి. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదం గింజకు ఈ గుణం ఉంది. ఈ రోజుకీ బ్రేక్ వాషర్లు బిగించేటప్పుడు పూసే ఎర్ర రబ్బరు గ్రీజుకు ఆధారం ఆముదమే. తర్వాత వచ్చిన గ్లైకాల్ రకం ఫ్లూయిడ్లు, అంటే ఇప్పటి డాట్ 3, డాట్ 4, కూడా సహజ రబ్బరుకు, ఇపీడీఎంకు సరిపడేవే. నైట్రైల్‌కు మాత్రం పడవు. పెట్రోల్ దగ్గర గెలిచిన రబ్బరు బ్రేక్ ఫ్లూయిడ్ దగ్గర ఓడిపోతుంది. అలాగని ఇంట్లో ఉన్న ఆముదాన్ని బ్రేకుల్లో పోయాలని కాదు, బీడింగ్ మీద పూయాలనీ కాదు. బయట పూస్తే చేసే మేలు ఏమీ లేదు, దుమ్ము మాత్రం పడుతుంది.

బ్రేక్ పని చేయించేటప్పుడు దగ్గరుండి చూడాల్సింది ఒక్క విషయం. వీల్ సిలిండర్ విప్పాక చాలా షెడ్లలో అన్నీ కలిపి పెట్రోల్ పళ్లెంలో కడిగేస్తారు. ఇనుప సామాను కడిగితే ఫర్వాలేదు, పూర్తిగా ఆరాలి. వాషర్లు, దుమ్ము పోకుండా సిలిండర్‌కు తొడిగే రబ్బరు బూట్లు మాత్రం ఆ పళ్లెంలో పడకూడదు. 'అన్నా, వాషర్లు పెట్రోల్‌లో వేయకు, కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడుగు' అని మొహమాటం లేకుండా చెప్పండి. మాస్టర్ సిలిండర్ మూత కింద ఉండే డయాఫ్రమ్ అనే పల్చటి రబ్బరు పొర ఉబ్బి ముడతలు పడి, తిరిగి కూర్చోనంటోంటే ఎవరో ఎప్పుడో ఆ డబ్బాలో మామూలు ఆయిల్ పోశారని అనుమానించాలి. అప్పుడు ఒక్క మూత రబ్బరు మారిస్తే చాలదు. ఫ్లూయిడ్ మొత్తం తీసి, గొట్టాలు శుభ్రం చేసి, సిస్టమ్‌లోని రబ్బరంతా మార్చాలి.

బ్రేక్ హోస్‌ల విషయంలో పైచూపు అసలు నమ్మొద్దు. బయట నున్నగా ఉన్న హోస్ లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. కాలితో తొక్కే బలానికి ఫ్లూయిడ్ లోపలికి వెళ్తుంది, వదిలాక వెనక్కి రాదు. ఒక చక్రం డ్రమ్ము మిగతావాటికన్నా బాగా వేడెక్కడం, పెడల్ వదిలినా బండి పట్టేసినట్టుండటం దాని లక్షణాలు. ఏళ్ల తరబడి నిలిచిపోయిన బండి కొంటే బ్రేక్ హోస్‌లు, కప్ వాషర్లు, పెట్రోల్ పైపులు చూడకుండానే మార్చేయాలి. ఇవి కాపాడుకునే జాబితాలోవి కావు. టైర్లూ అంతే. పక్కగోడ మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం. టైరు గాడులు ఎంత లోతున్నా పదేళ్లు దాటితే తీసేయమని పెద్ద టైర్ కంపెనీలే చెబుతున్నాయి.

కొత్త పెట్రోల్, పాత పైపులు

ఇంతకాలం నైట్రైల్ పైపుకు పెట్రోల్ వల్ల భయం లేదని నిశ్చింతగా ఉన్నాం. ఇథనాల్ వచ్చాక ఆ నిశ్చింత పోయింది. దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ వాటా 2022లో 10 శాతానికి, 2025 కల్లా 20 శాతానికి చేరింది. పాత నైట్రైల్ మిశ్రమాల్లోని మెత్తదనపు నూనెల్ని ఇథనాల్ లాగేస్తుంది. పైపు కొంత ఉబ్బుతుంది, బండి ఆగి పైపు ఎండినప్పుడు బిరుసై చిట్లుతుంది. లోపలి నుంచి రాలిన నల్ల నలుసులు కార్బొరేటర్ జెట్‌లో ఇరుక్కుంటాయి. మెకానికల్ పంపులోని డయాఫ్రమ్‌కూ ఇదే గతి.

తెల్లగుడ్డతో పైపును తుడవండి. నలుపు అంటుకున్నా, గుడ్డకు పెట్రోల్ వాసన వచ్చినా ఆ రోజే మార్చండి. వేడి ఇంజన్ పక్కన కారే పెట్రోల్ పైపుకు రేపు అనే వాయిదా ఉండకూడదు. కొత్తది కొనేటప్పుడు మీటరుకు యాభై రూపాయల పైపు అడగకుండా, మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్రించి ఉన్నదాన్ని అడగండి. దాని లోపలి పొర ఇథనాల్‌ను తట్టుకునే ఫ్లోరో రబ్బరుది. ఖరీదు ఎక్కువే, అవసరమయ్యేది రెండు మూడు మీటర్లే కదా. పంపు డయాఫ్రమ్, కార్బొరేటర్ కిట్ కూడా ఇథనాల్‌కు పనికొస్తుందని చెప్పినవే తీసుకోవాలి.

కొత్తది కొన్నాక

మార్కెట్లో దొరికే అంబాసిడర్ బీడింగుల నాణ్యతలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. కొన్నిటిలో పాత టైర్ల నుంచి తీసిన రబ్బరు ఎక్కువ. రెండు చేతులా పట్టుకుని రెట్టింపు వంచి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచి వదలండి. వెంటనే తిన్నగా రావాలి, వంపు దగ్గర తెల్ల గీత పడకూడదు. ముందు అద్దం బీడింగ్ బిగించేటప్పుడు గ్రీజు, ఆయిల్ రాయనివ్వకండి. గాడిలో నైలాన్ తాడు పెట్టి లాగే పద్ధతికి సబ్బునీళ్లు చాలు. తలుపు బీడింగ్‌ను గాడి పొడవుకు సరిగ్గా కోయకుండా ఒక వేలెడు ఎక్కువ ఉంచి, లాగకుండా నొక్కి కూర్చోబెట్టాలి. సాగదీసి బిగించిన బీడింగ్ తర్వాత కుంచించుకుని మూల దగ్గర ఖాళీ పడుతుంది. పైగా సాగి ఉన్నచోటే ఓజోన్ కోస్తుంది.

ముందుచూపుతో రెండో సెట్టు కొని దాచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మంచి అలవాటే. రబ్బరు నిల్వకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 2230 ఉంది. సహజ రబ్బరు, స్టైరీన్ రబ్బరుకు మొదటి నిల్వ గడువు 5 ఏళ్లు, నైట్రైల్, నియోప్రీన్‌లకు 7, ఇపీడీఎం, సిలికాన్‌లకు 10. 25 డిగ్రీలకు లోపు, చీకట్లో, ఏ లాగుడూ మడతా లేకుండా ఉంచితేనే ఆ లెక్క. మన ఇళ్లలో ఆ చల్లదనం కష్టం కాబట్టి కనీసం రేకుల షెడ్డు పైన, అటక మీద కాకుండా ఇంట్లో చల్లటి గది అడుగు అరలో పెట్టాలి. మేకుకు వేలాడదీయకూడదు, మేకు దగ్గర సాగి అక్కడే పగులుతుంది. పెద్ద చుట్టగా చుట్టి, టాల్కం పౌడర్ చల్లి, నల్లటి కవరులో గాలి చొరబడకుండా కట్టాలి. వెల్డింగ్ జరిగే చోట, మోటార్ల పక్కన పెట్టొద్దు, వాటి నిప్పురవ్వల దగ్గర ఓజోన్ పుడుతుంది. రాగి తీగతో కట్టొద్దు, రాగి తగిలితే రబ్బరు తొందరగా కుళ్లుతుంది. కట్ట మీద కొన్న నెల, సంవత్సరం, ఏ భాగానిదో రాసి అంటించండి. ఐదేళ్లు దాటిన సహజ రబ్బరు మౌంటింగ్ కవరు విప్పకపోయినా పాతదే, బిగించే ముందు గోటితో నొక్కి చూడాలి.